ఫొటోకి బరువుండదు

ఆఫీసు, నాలుగో అంతస్తు
మే 4

అక్కా,

ముందు నీ మీద ఒక ఫిర్యాదు. పోయినసారి నీ ఉత్తరం ఆరు పేజీలుందని సంబరపడి, టీ కూడా తెచ్చుకుని కూర్చున్నాను. రెండు నిమిషాల్లో అయిపోయింది. పేజీకి తొమ్మిది లైన్లు! ఏటికేడూ నీ అక్షరాలు ఒళ్ళు చేస్తున్నాయి. కాగితాలు మీ పళ్ళు ఏరే షెడ్డువాళ్ళు ఊరికే ఇస్తున్నారా ఏంటి?

ఇక అసలు సంగతి. మా కంపెనీ పళ్ళ స్కానింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి తయారు చేస్తోందని చెప్పాను కదా. అది మొట్టమొదట పెట్టబోయేది మీ షెడ్డులోనే. నేను అడిగి పెట్టించింది కాదు, ఒట్టు. మీ యజమానులే వచ్చి మాట్లాడుకున్నారు. దానిమ్మ పండు బెల్టు మీద దొర్లుతూ పోతుంటే, పైనున్న కెమెరాలు ఒక్కోదానికి ముప్పై ఫొటోలు తీస్తాయి. సైజు మిల్లీమీటర్లలో చెబుతుంది. రంగు చూసి మొదటి రకమా, రెండో రకమా, లోపల కుళ్ళిందా అన్నది అక్కడికక్కడే తేల్చి, దేని దారిన దాన్ని తోసేస్తుంది. పైకి నున్నగా ఉండి లోపల గింజలు నల్లబడే జబ్బు ఉంది చూడు, అది మొదలైనప్పుడు తొక్క రంగు పిసరంత మారుతుందట. మనిషి కంటికి ఆనకముందే మా మిషను దాన్ని పట్టేస్తుంది.

కాకపోతే దానికి ముందు ఎవరో ఒకరు నేర్పాలి. ఇది మంచిది, ఇది చెడ్డది అని వేల ఫొటోలు చూపించి చెప్పాలి. ఇరవై రెండేళ్ళుగా అదే పని చేస్తున్న మా అక్క ఉండగా ఇంకెవరో ఎందుకు? నీ పేరు చెప్పేశాను. భయపడకు, దీనివల్ల ఎవరి పనీ పోదు. మీ చేతులకి కాస్త విశ్రాంతి, అంతే.

ఈ ఉత్తరం మామయ్యకి చదివి వినిపించు. "మావాడు కూర్చుంటాడు, జీతమిస్తారు, మధ్యలో ఏం జరుగుతుందో నాకు తెలీదు" అని అందరి దగ్గరా అంటున్నాడట కదా. ఇప్పుడు తెలుస్తుంది.

నీ బుడ్డోడు


షెడ్డు వెనక గది
మే 11

ఒరే బుడ్డోడా,

నా అక్షరాల జోలికి రాకు. నీవి చీమలు పారినట్టుంటాయి. కాస్త పెద్దగా రాస్తే నీ చెయ్యేమీ అరిగిపోదు. ఫోనులో మెసేజీ పెట్టమంటావు, అందులో అక్షరాలు ఇంకా అన్యాయం. మాట్లాడదామంటే పళ్ళు కడిగే ఈ డ్రమ్ముల మోతకి నా చెవులు ఎప్పుడో పోయాయి. కుడి చెవిలో పెద్దగా అరిస్తే ఏదో నాలుగు మాటలు. కాబట్టి నోరు మూసుకుని ఉత్తరాలు రాయి.

ఆదివారం తోటకి వెళ్ళి మామయ్యకి చదివాను. మూడుసార్లు చదివించుకున్నాడు. "కంటికి ఆనకముందే" అన్న దగ్గరికి రాగానే, "ఆగు, అది మళ్ళీ చదువు" అని నా చెవిలో ఒక్క అరుపు అరిచాడు. చదవడం అయ్యాక కాగితం నా చేతిలోంచి తీసుకుని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇక తిరిగివ్వలేదు. ఆయన సంగతి నీకు తెలుసుగా. కోపమొచ్చినా అరుస్తాడు, సంతోషమొచ్చినా అరుస్తాడు. మనసుకి కష్టం కలిగితే మాత్రం గొణుగుతాడు. అరుస్తున్నంతసేపూ నాకు దిగుల్లేదు.

నాకు పనిచ్చినందుకు సంతోషమే. మా బల్ల దగ్గర అందరికీ చెప్పుకున్నాను. నా పక్కన నిలబడే పొడుగావిడ, "మీ తమ్ముడి మిషనుకి నువ్వు పంతులమ్మవన్నమాట" అని ఆటపట్టించింది. కానీ ఒక మాట చెప్పు. పళ్ళు ఇస్తారా, ఫొటోలే ఇస్తారా? మేం చూసేది కంటితో సగమేరా. పండు చేతిలోకి తీసుకోగానే బరువు తెలుస్తుంది. బొటనవేలితో ఒక్క మీటు మీటితే మంచిది బిగువుగా కొడుతుంది, కుళ్ళింది డొల్లగా కొడుతుంది. ఆ చప్పుడు నాకు వినబడదు, వేలికి తెలుస్తుంది.

మామయ్య పాత చెట్లే తీసుకో. ఆ ఎనిమిది వరసలూ నువ్వు బడిలో చేరిన ఏడు నాటినవి. అమ్మానాన్నా పోయి, మనిద్దరం ఆయన ఇంట్లో చేరిన మర్నాడే గుంతలు తవ్వాడు. "వీళ్ళు ఎదిగేసరికి ఇవి కాయాలి" అన్నాడు. ఆ పళ్ళు ఎంత పండినా ఎర్రబడవు, వెలిసిన గులాబీ రంగులోనే ఆగిపోతాయి. షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళు వాటిని చూసి జబ్బు పళ్ళనుకుంటారు. చేత్తో పట్టుకుంటే రాయిలా ఉంటాయి. కొత్త నాలుగు వరసల ఎర్ర పళ్ళ కంటే అవే తీపి.

మీ అక్క


ఆఫీసు, నాలుగో అంతస్తు
మే 20

అక్కా,

నీకోసం పెద్దగా రాస్తున్నాను, చూడు, ఒక్క వాక్యానికే సగం పేజీ పోయింది.

దీనితో పాటు టాబ్లెట్ వస్తుంది. అందులో పద్దెనిమిది వేల ఫొటోలున్నాయి. కింద మూడు బటన్లు: మొదటి రకం, రెండో రకం, కుళ్ళు. చూడు, నొక్కు, తర్వాతది చూడు. జూన్ ఆఖరుకల్లా కావాలి. పళ్ళు ఇవ్వరు అక్కా, మిషనుకి చేతులుండవు కదా, దానికి కళ్ళే. అందుకని నువ్వు కూడా కంటితోనే చెప్పాలి.

కంగారు పడి ప్రతిదాని దగ్గరా ఆగిపోకు. కంపెనీ రూలు ప్రకారం ఒక్కో ఫొటో ముగ్గురు మనుషులు విడివిడిగా చూడాలి. ముగ్గురూ ఒకటే అంటేనే అది ఖాయం. ఇద్దరు ఒకటి, ఒకరు ఇంకొకటి అంటే ఆ ఫొటో పక్కకి తీసి మళ్ళీ చూస్తాం. మిగతా ఇద్దర్నీ నేను చూసుకుంటాను. నువ్వు నీ పని కానివ్వు.

నీ బుడ్డోడు


షెడ్డు వెనక గది
జూన్ 29

ఒరే బుడ్డోడా,

అయిపోయింది. పద్దెనిమిది వేలూ నొక్కేశాను. కళ్ళు మూసుకున్నా దానిమ్మ పళ్ళే దొర్లుతున్నాయి. ఒకటి రెండుసార్లు అలవాటు కొద్దీ అద్దం మీద బొటనవేలితో మీటాను కూడా. పొడుగావిడ పడీ పడీ నవ్వింది.

ఫొటోకి బరువుండదురా. అదే చిక్కు. ముదురు ఎరుపువి సులువుగానే తేలిపోయాయి. వెలిసిన రంగువి వచ్చినప్పుడే నా ప్రాణం మీదికొచ్చింది. మంచిదీ చెడ్డదీ ఒకేలా, మట్టి పట్టినట్టు కనిపించాయి. మీ కెమెరాలో ఏదో లోపముందేమో చూసుకో. షెడ్డులో మాకొక అలవాటుంది. అనుమానమొస్తే పండుని ఎడంచేతి బుట్టలో పడేస్తాం, సాయంత్రం ఆ బుట్టలోవి కోసి చూస్తాం. నీ టాబ్లెట్‌లో ఎడంచేతి బుట్ట లేదు. అందుకని అనుమానమొచ్చినవన్నీ కుళ్ళు కిందే నొక్కాను. ఎటూ మిగతా ఇద్దరూ చూస్తారు కదా అన్న ధైర్యంతో నొక్కాను. వాళ్ళెవరో, మాలాగే షెడ్డుల్లో చేసేవాళ్ళేనా? పరిచయం చెయ్యి ఎప్పుడైనా.

మామయ్య తోట ఈసారి విరగకాసింది. పాత వరసలు చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు.

మీ అక్క


ఆఫీసు, నాలుగో అంతస్తు
జులై 12

అక్కా,

కూర్చుని చదువు. నీ తమ్ముణ్ణి టీమ్ లీడర్ని చేశారు!

ఇదంతా నీ చలవే. నువ్వు నొక్కినవాటికీ, మిగతా ఇద్దరు నొక్కినవాటికీ ఒక్క ఫొటోలో కూడా తేడా రాలేదు. మా మేనేజరు ఆ లెక్క చూసి, ఇంత చక్కగా కుదిరిన పని ఇప్పటివరకూ చూడలేదని మీటింగులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా అక్క నేర్పింది అని చెబుదామనుకున్నాను, ఇంట్లోవాళ్ళని పెట్టుకున్నానంటారని ఊరుకున్నాను.

కెమెరాలో లోపం లేదు, చూపించాను. నువ్వు అలసిపోయి ఉంటావు. మిగతా ఇద్దరా? వాళ్ళు దూరంలే, ఎప్పుడో చెబుతాను.

మిషను సెప్టెంబరు మొదట్లో మీ దగ్గరికొస్తుంది. నా తరఫున దాని వీపు తట్టు.

నీ బుడ్డోడు


షెడ్డు వెనక గది
సెప్టెంబరు 9

ఒరే తమ్ముడూ,

నీ మిషను వచ్చింది. వీపు తట్టడానికి దాని దగ్గరికి పోనివ్వరు, చుట్టూ కంచె కట్టారు.

అది వచ్చిన రోజు ముప్పై నలుగురం ఉన్నాం. ఇవాళ తొమ్మిది మందిమి ఉన్నాం. మా బల్లలు తీసేసి గోడ వారన నిలబెట్టారు. పొడుగావిడ పంతొమ్మిదేళ్ళు నా పక్కన నిలబడింది. పోయేటప్పుడు ఏప్రాను విప్పి నా చేతిలో పెట్టి, ఏదో అని వెళ్ళిపోయింది. ఏమందో నాకు వినబడలేదు. మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు. ఎవరి పనీ పోదని రాశావు. అప్పుడు నీకు తెలీదా, తెలిసి రాశావా? నన్ను ఉంచింది మాత్రం నీ అక్కననే అని సూపర్‌వైజరు మాటల్లో తెలిసింది.

దానికంటే పెద్ద సంగతి ఇంకోటుంది. శుక్రవారం మామయ్య మొదటి లోడు తెచ్చాడు. ఏ వరస పళ్ళు ఆ వరస పెట్టెల్లో, నంబర్లు వేసి మరీ తెచ్చాడు. కొత్త నాలుగు వరసలవీ చక్కగా పోయాయి. పాత వరసల పెట్టెలు బెల్టు మీద కుమ్మరించగానే, పళ్ళు ఒకదాని వెనక ఒకటి కుళ్ళు గొట్టంలో పడిపోవడం మొదలుపెట్టాయి. నేను చూస్తూనే ఉన్నాను. చీటీ ఇచ్చారు: లోపలి కుళ్ళు, నూటికి అరవై ఒకటి. ఆ గొట్టంలో పడ్డ పండు మళ్ళీ ఎవరి చేతికీ రాదు. జబ్బు పాకుతుందని మూత బిగించిన లారీలో నేరుగా గోతిలోకి పోస్తారు. కంచె సందులోంచి చెయ్యి పెట్టి, ఒక్కటంటే ఒక్కటి పడబోతుండగా దొరకబుచ్చుకుని మీటాను. నిక్షేపంలా ఉంది.

ఆదివారం తోటకెళ్ళాను. మామయ్య పాత వరసల్లోంచి పది పళ్ళు కోయించి, నా ముందే చీల్చాడు. పదీ శుభ్రంగా ఉన్నాయి. అమ్మయ్య అనుకున్నాను. ఆయన మాత్రం జేబులోంచి నీ ఉత్తరం తీశాడు, మడతల దగ్గర చిరిగిపోయింది. "జబ్బు ఉంది, మనకింకా కనబడటం లేదంతే. కంటికి ఆనకముందే కనిపెడుతుందని పిల్లాడు రాశాడు కదా" అన్నాడు. కాయలు దిగిపోయాక, జబ్బు కొత్త వరసలకి పాకకముందే పాత ఎనిమిది వరసలూ కొట్టించేస్తానంటున్నాడు. నూట అరవై చెట్లురా. అరవలేదు. గొణిగాడు. ఆయన పెదాలు చూసి అర్థం చేసుకున్నాను.

మీవాళ్ళతో చెప్పు. కుళ్ళు లారీ ఒక్కసారి ఆపి, నాలుగు పళ్ళు కోసి చూడమను. నాలుగంటే నాలుగు.

మీ అక్క


ఆఫీసు, నాలుగో అంతస్తు
సెప్టెంబరు 16

అక్కా,

నీ ఉత్తరం అందింది.

సాఫ్ట్‌వేర్ నూటికి తొంభై నాలుగు సరిగ్గా చెబుతోందని పరీక్షల్లో తేలింది. పది పళ్ళు కోసి చూడటం పరీక్ష కాదు. మామయ్య చెట్లు పాతవి, వాటికి నిజంగానే జబ్బు వచ్చి ఉండొచ్చు. రైతుల నుంచి ఇలాంటి ఫిర్యాదులు మొదట్లో వస్తూనే ఉంటాయని మాకు ముందే చెప్పారు. లారీ ఆపమనడానికి ఒక పద్ధతి ఉంటుంది, అది నా చేతిలో లేదు.

పనివాళ్ళ సంగతి నాకు తెలుసా అని అడిగావు. కొంత తెలుసు. ఇంతమంది అని తెలీదు.

ఒక మాట మన్నించి విను. షెడ్డులో ఈ విషయం ఎత్తకు. టీమ్ లీడరు అక్కే మిషను తప్పంటోందంటే అది నా దాకా వస్తుంది. మామయ్యకి నా నమస్కారాలు చెప్పు.

తమ్ముడు


షెడ్డు వెనక గది
అక్టోబరు 1

తమ్ముడూ,

నీ ఉత్తరంలో నమస్కారాలు తప్ప మిగతాదంతా నీళ్ళు నమిలావు. సరే. నేను నీకంటే ఎక్కువే నమిలాను, ఇన్నేళ్ళుగా. ఇవాళ ఉమ్మేస్తాను.

నా కళ్ళు బాగాలేవు. నాలుగేళ్ళ నుంచీ బాగాలేవు. మొదట దీపాల చుట్టూ మసక. తర్వాత రంగులు మాసిపోవడం మొదలైంది. షెడ్డులో ఏటా కళ్ళ పరీక్ష ఉంటుంది. గోడ మీది అక్షరాలు నాకు కంఠతా వచ్చు. రంగుల అట్టలూ అంతే, డాక్టరు తిప్పే వరస ఏ ఏడూ మారదు. చెవులు పోయినదానికి కళ్ళు కూడా పోయాయంటే మర్నాడే ఇంటికి పంపుతారు. అందుకని దాచాను. దాచినందుకు అప్పట్లో ఎవరికీ నష్టం జరగలేదు, ఎందుకంటే ఏ పండు ఎలాంటిదో నా చేతికి తెలిసిపోయేది. బల్ల దగ్గర నా కళ్ళతో పనే లేదు.

నువ్వు ఫొటోలు చూడమన్నప్పుడు నావల్ల కాదని చెప్పాల్సింది. చెప్పలేదు. మా తమ్ముడు నన్ను అడిగాడు, ఆఫీసులో నా పేరు చెప్పాడు అని పొంగిపోయాను. ఒరే, నాకంత గొప్ప ఇంకెప్పుడు దక్కింది?

మామయ్య రెండో లోడు కూడా గొట్టం పాలైంది. మర్నాడు సెలవు పెట్టి కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు, బాగా ముదిరాయన్నాడు. టీ నీళ్ళలోంచి చూస్తే ఎలా ఉంటుందో నాకు లోకమంతా అలా కనబడుతోందట. సంచిలోంచి మామయ్య పండొకటి తీసి, ఇది ఏ రంగు అని అడిగాను. "శుభ్రమైన గులాబీ రంగమ్మా" అని కాగితం మీద రాసిచ్చాడు. నాకు మట్టి రంగులో కనబడింది. ఆ రంగులోవన్నీ కుళ్ళని నేనే నొక్కాను. మీ మిషను తప్పేమీ చేయడం లేదు. నేను చెప్పిందే చేస్తోంది. తొంభై నాలుగు అన్నావే, దేనితో పోల్చి తొంభై నాలుగు? నేను నొక్కినవాటితోనే కదా.

ఇక్కడే నాకు ఒకటి అంతు పట్టలేదు. నా కళ్ళు పాడయ్యాయి సరే, మిగతా ఇద్దరివీ అలాగే పాడయ్యాయా? పద్దెనిమిది వేలలో ఒక్క తేడా కూడా రాలేదన్నావు. ముగ్గురికీ ఒకే గుడ్డితనం ఎలా వచ్చిందిరా?

ఇరవయ్యో తారీఖుకి రంపాలవాళ్ళని పిలిచాడు మామయ్య. ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. మీవాళ్ళకి చెప్పు. నా పని పోతే పోనీ. ఆయనకి నేను చెప్పబోయాను, నోరు పెగల్లేదు. నువ్వు ఒక్క ముక్క రాస్తే చాలు, ఆగిపోతాడు. ఆయన నమ్మేది నిన్నే.

అక్క


ఇల్లు
అక్టోబరు 6

అక్కా,

ఇది ఆఫీసులో కూర్చుని రాయలేకపోయాను. నీ ఉత్తరం రెండు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

మిగతా ఇద్దరు లేరు.

గడువు దగ్గరపడింది. మనుషుల్ని వెతకాలి, నేర్పాలి, నెలలు పడుతుంది. నీకంటే బాగా ఎవరు చూస్తారులే అనిపించింది. నువ్వు పంపినవే ఇంకో రెండుసార్లు కాపీ చేసి, రెండు పేర్లు పెట్టాను. అప్పుడది తప్పనిపించలేదు. మా అక్క మాటకి ఇంకో ఇద్దరి సాక్ష్యం ఎందుకు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ఇప్పుడు నీ కళ్ళ సంగతి బయటపడితే, మొదట అడిగేది ఆ ఇద్దరి గురించే. ఉద్యోగంతో పోదు, కేసు పెడతారు. ఇరవై ఐదున పెద్దవాళ్ళు తనిఖీకి వస్తున్నారు. అది దాటితే కొత్త వెర్షన్‌లో వెలిసిన రంగు పళ్ళ సంగతి నేనే మెల్లగా సరిచేస్తాను, ఎవరికీ తెలీదు. వచ్చే కాపుకి అంతా మామూలైపోతుంది. కావలసింది కొద్ది రోజులు. మామయ్యని ఇరవై ఐదు దాకా ఆపు. వాన పడుతుందను, రంపాలవాళ్ళు మంచివాళ్ళు కాదను, ఏదో ఒకటి చెప్పు. నేను రాస్తే ఎందుకని అడుగుతాడు, ఆయనకి అబద్ధం రాయడం నాకు చేతకాదు. నీ కళ్ళ మాట మాత్రం ఎత్తకు.

నన్ను ఎత్తుకుని తిప్పినదానివి. నా కోసం ఈ ఒక్కటీ చెయ్యి.

బుడ్డోడు


తోట
అక్టోబరు 23

తమ్ముడూ,

ఇది తోటలోనే కూర్చుని రాస్తున్నాను, రేపటికల్లా నీకు అందేలా రాత్రి బస్సుకిచ్చి పంపుతాను. ఇప్పుడు ఇక్కణ్ణుంచి చూస్తే రోడ్డు కనబడుతోంది. ఇంతకుముందు కనబడేది కాదు.

పద్దెనిమిదినే వచ్చాను. నువ్వు చెప్పినట్టే చెప్పాను. వాన పడుతుందన్నాను, ఆకాశం చూసి నవ్వాడు. రంపాలవాళ్ళు మంచివాళ్ళు కాదన్నాను, వాళ్ళతో పదేళ్ళ పరిచయమన్నాడు. ఇంకో కాపు చూద్దాం మామయ్యా అన్నాను. నా కుడి చెవి దగ్గరికొచ్చి, "నువ్వు చెట్ల మీద జాలితో అంటున్నావు. మిషనుకి జాలుండదు, అందుకే అది చెప్పింది వింటున్నాను" అని అరిచాడు. అప్పుడు నిజం నా నాలుక చివరి దాకా వచ్చింది. నీ ఉత్తరం గుర్తొచ్చి మింగేశాను. నీ కోసమే అని చెప్పుకోను. గుర్తింపు బిళ్ళ లాక్కుని నన్ను షెడ్డులోంచి పంపేస్తారన్నది కూడా ఆ క్షణంలో గుర్తొచ్చింది. పంతొమ్మిదిన మళ్ళీ నోరు తెరిచాను, మళ్ళీ మూశాను.

ఇరవైన ఇద్దరు వచ్చారు. రెండు రోజులు పట్టింది. రంపం మోత నాకు వినబడలేదు గానీ, ఒక్కో చెట్టు పడ్డప్పుడు నేల అదిరేది, అది పాదాలకి తెలిసేది. నూట అరవై సార్లు. ఆఖరి కాపు ఇంకా కొంత కొమ్మల మీదే ఉంది, గొట్టం పాలయ్యేదానికి కోయించడం ఎందుకని వదిలేశాడు. పడ్డ కొమ్మల్లోంచి ఒక పండు తీసుకుని చేతుల్తోనే చీల్చాను. గింజ గింజా శుభ్రంగా ఉంది. తిన్నాను. ఏం తీపిరా! నోట్లో ఉంచుకోలేక ఉమ్మేశాను.

మొదళ్ళు చూశాడు మామయ్య, ఒక్కోదాన్నీ వంగి వంగి చూశాడు. ఎక్కడా నల్ల చార లేదు. లేకపోవడం చూసి ఆయన ఏమన్నాడో తెలుసా? "సరిగ్గా సమయానికి కొట్టాం, ఇంకా చెక్కలోకి దిగలేదు" అన్నాడు. ఆ మొదళ్ళని నేను మళ్ళీ ఒక్కోటీ చేత్తో తడిమాను. సాయంత్రం నన్ను కూర్చోబెట్టి నీకు ఉత్తరం రాయమన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు కింద రాస్తున్నాను, ఒక్క అక్షరం మార్చలేదు:

"ఒరే అబ్బాయ్, నీ మిషను చెప్పకపోతే జబ్బు కొత్త వరసలక్కూడా పాకి, తోట మొత్తం పోయేది. నీ పుణ్యమా అని నాలుగు వరసలు దక్కాయి. మీ కోసం నాటిన చెట్లు, మీరు ఎదిగేదాకా కాశాయి, వాటి పని అవి చేశాయి. మనసులో పెట్టుకోకు. బాగా తిను."

నిన్న షెడ్డుకెళ్ళి నా కళ్ళ సంగతి చెప్పేశాను. నోటితో కాదు, కాగితం మీద, నీకు నచ్చని ఆ పెద్ద అక్షరాలతోనే రాసిచ్చాను. వెలిసిన రంగు పళ్ళ తోటలు ఇంకా ఏడున్నాయి, వాళ్ళ లోడ్లు కూడా గోతిలోకే పోతున్నాయి. సూపర్‌వైజరు రెండుసార్లు చదివి, లారీ ఆపించాడు. దాని మూత తెరిచి ఇరవై పళ్ళు కోశారు. ఇరవైలో పద్దెనిమిది మంచివి. నా బిళ్ళ అడిగి తీసుకున్నాడు. ముగ్గురు చూడాలన్న రూలు అతనికీ తెలుసు, ఫొటోలు చూసిన మిగతా ఇద్దరు ఎవరు అని రాసి చూపించాడు. నాకు తెలీదని రాశాను. అంతవరకే నేను చేయగలిగింది. తనిఖీ వాళ్ళు ఎల్లుండి నిన్నే అడుగుతారు.

మూడు రోజుల ముందు చెప్పాల్సింది. రంపాలవాళ్ళు రాకముందు. ఆ చెట్లని మనిద్దరం కలిసి కొట్టాం. రంపాలు పట్టిన ఆ ఇద్దరు కూలికి వచ్చారంతే.

మామయ్యకి ఇంకా తెలీదు. షెడ్డు నుంచి కబురు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోపు నేను చెప్పగలను, ఈసారి నోరు పెగులుతుంది. కానీ నేనొక్కదాన్నే చెబితే కుదరదు. ఆయన అరిస్తే నాకు వినబడుతుంది, పడతాను. ఆయన అరవడు. ఆఖరి చెట్టు పడ్డాక అటు తిరిగి నిలబడి ఏదో గొణిగాడు, చాలాసేపు. పెదాలు కనబడలేదు, కనబడినా అంత దూరం నుంచి ఈ కళ్ళకి ఆనేది కాదు. నిజం తెలిసినప్పుడు కూడా అలాగే గొణుగుతాడు. అది వినడానికి ఒక మనిషి కావాలి. నువ్వు వచ్చి విను.

అక్క